ఢాక్ వాయించే చేతికి పందిట్లో చోటెక్కడ?

దుర్గాపూజ దగ్గరపడిన రోజుల్లో కోల్‌కతాలోని సియాల్దా స్టేషన్ బయట ఒక సంత కనిపిస్తుంది. అక్కడ బేరానికి వచ్చేది మనుషుల చేతి విద్య. జిల్లాల నుంచి రైళ్లు దిగిన ఢాకీలు, ఈకల కుచ్చులు కట్టిన పెద్ద పెద్ద ఢాక్‌లు భుజానికి తగిలించుకుని జట్లు జట్లుగా నిలబడి వాయిస్తుంటారు. పూజా కమిటీల వాళ్లు వస్తారు, వింటారు, ధర తెగ్గొడతారు, నచ్చిన జట్టును వెంటబెట్టుకుని పోతారు. భవానీపూర్ లాంటి పాత పేటల సందుల్లో పందిళ్ల ముందు మోగే ఢాక్ వెనుక ఉన్నది ఇలా ఊరు విడిచి వచ్చిన మనుషులే.

ఢాకీల్లో చాలామంది రూయిదాస్, హాడీ, డోమ్ వంటి షెడ్యూల్డు కులాల వాళ్లు. చర్మం శుభ్రం చేసేదీ, దాన్ని సాగదీసి బిగించేదీ, దరువు వేసేదీ వాళ్లే. డప్పు కథ తెలిసిన తెలుగు పాఠకులకు మిగతాది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఢాక్ మోగనిదే బెంగాలీకి పూజ మొదలైనట్టే ఉండదు. ఆ ఢాక్ మోగించేవాడికి మాత్రం పూజలో స్థానం పందిరి అంచునే.

2021 డిసెంబరులో యునెస్కో కోల్‌కతా దుర్గాపూజను మానవాళి అగోచర సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది బ్రిటిష్ కౌన్సిల్ వెలువరించిన అధ్యయనం, 2019 నాటి పూజ చుట్టూ తిరిగిన సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ విలువను 32,377 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఒక్కో పూజా కమిటీకి 2024లో 85 వేలు, 2025లో లక్షా పది వేల రూపాయలు ఇచ్చింది. ఇదే ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన లోక్ ప్రసార్ ప్రకల్ప కింద జానపద కళాకారుడికి ఇచ్చే భృతి నెలకు వెయ్యి రూపాయలు. అంటే పందిరికి ఒక్క ఏడు దక్కిన సొమ్ము, కళాకారుడికి తొమ్మిదేళ్లకు గానీ చేరదు. ఆ వెయ్యి రూపాయలు అసలు లేకపోవడం కంటే మేలేనని మేమూ ఒప్పుకుంటాం. కానీ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడకుండా “గ్రామీణ కళల పరిరక్షణ” గురించి మాట్లాడటం కుదరదు.

ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకే మాట వినిపిస్తోంది: కళలను, చేతిపనులను గ్రామాలకు తీసుకువెళ్దాం. విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సామాజిక బాధ్యతా నిధులు అన్నీ ఈ బాట పట్టాయి. రెండు రోజుల వర్క్‌షాప్, ఒక బ్యానర్, పిల్లల చేతుల్లో రంగులు, చివర్లో ఒక గ్రూప్ ఫొటో. ఇందులో సదుద్దేశం లేదని అనడం లేదు. కానీ ఆ మాటలోనే ఒక భ్రమ దాగి ఉంది. కళ నగరంలో పుట్టి ఊరికి ప్రయాణిస్తుందట! బుట్ట అల్లేవాడు, కుండ చేసేవాడు, తోలు కోసేవాడు, డప్పు కాచేవాడు ఉన్న వాడకు వెళ్లి చేతిపని నేర్పుతామనడం తాతకు దగ్గులు నేర్పడమే. ఊళ్లో కొరత కళకు కాదు. ఆ కళకు దక్కాల్సిన కూలికి, పేరుకు, గౌరవానికి కొరత. అన్నిటికంటే ముఖ్యంగా, వద్దనుకున్న రోజున దాన్ని వదిలేసే స్వేచ్ఛకు కొరత.

ఈ కొరత ఎలా తయారైందో చూడాలంటే భవానీపూర్‌ను ఆనుకుని, ఆదిగంగ ఒడ్డున ఉన్న కాళీఘాట్ పటువాపాడా కంటే మంచి చోటు లేదు. 19వ శతాబ్దంలో మేదినీపూర్ వంటి జిల్లాల నుంచి పటువాలు గుడి యాత్రికులను నమ్ముకుని ఇక్కడికి వలస వచ్చారు. ఊళ్లో పొడవాటి పటం చుట్టలు విప్పుతూ పాట పాడి కథ చెప్పిన వాళ్లు, నగరంలో చవక మిల్లు కాగితం మీద ఒక్కో బొమ్మ చకచకా గీసి అమ్మారు. దేవతలతో ఆగలేదు. జుట్టు దువ్వుకుని వేశ్య వాకిట్లో కూర్చున్న బాబునూ, చేపను నోట కరుచుకున్న దొంగ సన్యాసి పిల్లినీ, 1873లో బెంగాల్‌ను కుదిపేసిన తారకేశ్వర్ హత్య కేసునూ గీశారు. ఆ రోజుల్లో పత్రికలు చదవలేని వాళ్లకు అదే పత్రిక. తర్వాత అచ్చుబొమ్మలు వచ్చి ధర కొట్టేశాయి, పటువాల బజారు పడిపోయింది. రడ్యార్డ్ కిప్లింగ్ తన తండ్రి సేకరించిన కాళీఘాట్ బొమ్మలను 1917లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చాడు. జామినీ రాయ్ ఆ గీతలోని బలాన్ని పట్టుకుని ఆధునిక చిత్రకారుడిగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన ప్రతిభను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. గీత మ్యూజియానికి చేరింది, శైలి ఆర్ట్ స్కూలుకు చేరింది, గీసిన చేతుల పేర్లు మాత్రం చాలావరకు ఎక్కడా చేరలేదు. కళా చరిత్ర విద్యార్థులు “కాళీఘాట్ శైలి” అని రాసేటప్పుడు ఆ మాట కింద ఎంతమంది పేర్లు పూడిపోయాయో ఒకసారి ఆలోచించాలి.

పటువాల కుల స్థానం కథ ఇంకా చిత్రమైనది. బ్రహ్మవైవర్త పురాణం ప్రకారం విశ్వకర్మకు పుట్టిన తొమ్మిది వృత్తుల కొడుకుల్లో చిత్రకారుడూ ఒకడు. చెప్పిన కొలతలు దాటి బొమ్మ గీశాడని బ్రాహ్మణులు శపిస్తే అతను పతితుడయ్యాడట. ప్రపంచంలో మిగతా చోట్ల కొత్తగా గీసినవాడిని కళాకారుడంటారు, ఇక్కడ కులభ్రష్టుణ్ణి చేశారు! మేదినీపూర్ పటువాలు ఎక్కువమంది ఇస్లాం అనుసరిస్తారు, హిందూ దేవతల కథలు పాడతారు, ఇంటిపేరు చిత్రకార్ అని పెట్టుకుంటారు. రెండు మతాల పెద్దలూ వాళ్లను తమ వాళ్లని పూర్తిగా ఒప్పుకోలేదు.

భవానీపూర్‌కు గ్రామం గురించి మాట్లాడే అలవాటు కొత్తది కాదు. ఇక్కడి నుంచే హరీశ్ చంద్ర ముఖర్జీ “హిందూ పేట్రియాట్” పత్రిక నడిపి, 1859–60 నీలిమందు రైతుల తిరుగుబాటుకు అండగా నిలిచాడు. తోటల దొరలను ఎదిరించిన ఆ ధైర్యానికి గౌరవం ఇవ్వాల్సిందే. అయితే ఆ తరం నుంచీ బెంగాల్‌లో ఒక పద్ధతి స్థిరపడిపోయింది: ఊరి తరఫున భద్రలోక్ మాట్లాడతాడు, ఊరు వింటుంది. ఆ పద్ధతి కళల రంగంలో మరింత గట్టిగా నిలిచింది.

శ్రీనికేతన్ సంగతే తీసుకోండి. 1922 ఫిబ్రవరిలో శాంతినికేతన్ పక్కన సురూల్‌లో టాగూర్, లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ కలిసి మొదలుపెట్టిన గ్రామ పునర్నిర్మాణ ప్రయోగం ఈ దేశంలో “కళలను గ్రామాలకు తీసుకువెళ్లడం” అన్న ఆలోచనకు మూలపురుషుడి లాంటిది. మలేరియా మీద, సహకార సంఘాల మీద, వ్యవసాయం మీద వాళ్లు చేసిన పని చిన్నది కాదు. శిల్పభవన్‌లో నేత, వడ్రంగం, లక్క, కుండల పని నేర్పారు. వాటితోపాటు తోలు పని కూడా. రథీంద్రనాథ్ టాగూర్, ప్రతిమా దేవి యూరప్‌లో నేర్చుకుని వచ్చిన తోలు మీద అద్దకపు విద్యను ఇక్కడ ప్రవేశపెట్టారు. ఈ రోజు శాంతినికేతన్ తోలు సంచికి భౌగోళిక గుర్తింపు ఉంది, పౌష్ మేళాలో గిరాకీ ఉంది. మేం అడిగేది ఒక్కటే. తరతరాలుగా తోలు చేతబట్టిన ముచి, రూయిదాస్ కులాలు ఉన్న నేలకు తోలు కళ యూరప్ నుంచి ఎందుకు రావలసి వచ్చింది? తోలు సవర్ణ గృహంలోకి అడుగుపెట్టగానే కళ అయింది. వాడలో ఉన్నంతకాలం అది మైల. వస్తువు అదే, పట్టుకున్న చెయ్యి మారింది.

ఇలా అన్నంత మాత్రాన బయటివాళ్ల కార్యక్రమాలన్నీ దండగే అనుకోకూడదు. పశ్చిమ మేదినీపూర్ జిల్లా పింగ్లా ప్రాంతంలోని నయా గ్రామం ఇందుకు మంచి ఉదాహరణ. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి కదా, అక్కడి వాళ్లకు ఈ ఊరు దూరమేం కాదు. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే లైనులో బాలీచక్ దగ్గర దిగాలి. అక్కడ పటువాలు ఇప్పటికీ ఆకుల పసరు, పసుపు, దీపపు మసి వంటి వాటితో రంగులు చేసి, బేలు కాయ జిగురు కలిపి పటాలు గీస్తారు. సంప్రదాయంగా మగవాళ్లదైన ఈ వృత్తిని దుఃఖుశ్యాం చిత్రకార్ వంటి పెద్దలు ఆడవాళ్లకు నేర్పారు. 2005 నుంచి కోల్‌కతాకు చెందిన బంగ్లానాటక్ అనే సంస్థ శిక్షణ, మార్కెట్ కల్పించింది. 2010 నుంచి ఏటా పట్‌మాయా పేరుతో ఊళ్లోనే ఉత్సవం జరుగుతోంది. కొనేవాడు ఊరికి వచ్చి గీసినవాడి ఇంటి అరుగు మీద కూర్చుని కొంటాడు. ఎయిడ్స్ మీద, సునామీ మీద, అమెరికా జంట భవనాల కూల్చివేత మీద కూడా పటాలు గీసి పాడారు. 2018లో బెంగాల్ పటచిత్రకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నయా ఎందుకు నిలబడిందో గమనించాలి. నేర్పింది అదే ఊరి పెద్దలు. కట్టుబాటు దాటి స్త్రీలు వచ్చారు, కులవృత్తి లోపలి గోడ ఒకటి కూలింది. ఏం గీయాలన్నది పటువాలు తేల్చుకున్నారు. అమ్మకం పేరుతోనే జరిగింది, పటం మీద సంతకం ఉంది. ఈ నాలుగూ లేని చోట ఎన్ని శిబిరాలు పెట్టినా అవి ఫొటోల దగ్గరే ఆగిపోతాయి.

ఇక మన వైపు చూద్దాం. తెలంగాణలో చేర్యాల నకాషీలు గీసే పటాల వెనుక ఒక మొత్తం ఆశ్రిత కులాల వ్యవస్థ ఉంది. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. ఒక్కో కులానికి తన పుట్టుక కథను పటం మీద చూపించి పాడే కళాకారులు. డక్కలి వాళ్లు చెప్పే జాంబపురాణంలో అందరికంటే ముందు పుట్టిన ఆదిపురుషుడు జాంబవుడు. లోకమంతా అంటరానివాళ్లన్న మనుషులకు, మీరే ఆది మానవులని చెప్పిన పాఠ్యపుస్తకం అది. అంత మాట చెప్పినందుకు డక్కలి వాళ్లకు దక్కింది మాదిగ వాడ కంటే కింది మెట్టు! బాబాసాహెబ్ చెప్పిన అంతస్తుల అసమానతకు ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? మన లోపలి మెట్లను మనమే చూసుకోకపోతే బయటివాళ్లను ప్రశ్నించే నైతికత మనకు ఉండదు.

ఆ డక్కలి సమాజం నుంచే వచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్య. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఆయన గొంతు సినిమా పాటలోకి ఎక్కింది. 2024 మేలో హైదరాబాద్ శివార్లలోని తుర్కయాంజాల్‌లో భవన నిర్మాణ పనిలో కూలీగా ఆయన కనిపించిన దృశ్యం దేశమంతా చూసింది. భవనం కట్టడం చిన్నతనం అని మేం అనం. పనికి హెచ్చుతగ్గులు కట్టడమే కులం నేర్పిన బుద్ధి. కానీ దేశం నాలుగో అత్యున్నత పురస్కారం ఇచ్చిన విద్య, ఆ విద్వాంసుడికి నెల గడవడానికి సరిపోలేదన్నది వాస్తవం. అదే ఏడాది జనగామ వైపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకూ, నారాయణపేట బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ వచ్చింది. పతకాలు వస్తున్నాయి, సంతోషమే. ఈ ముగ్గురి విద్యలకూ ఏ విశ్వవిద్యాలయ సంగీత శాఖలోనైనా శాశ్వత ఆచార్య పదవి ఉందా? కర్ణాటక సంగీతానికి ఉంది, కూచిపూడికి ఉంది. చిందు మాదిగల యక్షగానం మీద పీహెచ్‌డీ చేసినవాడికి కూడా ఉద్యోగం దొరకవచ్చు. ఆడేవాడికి మాత్రం సెమినారు ప్రారంభంలో పది నిమిషాలు, ఒక శాలువా.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు సామాజిక పింఛను ఉంది, 2024 నుంచి నెలకు 4 వేలు. బెంగాల్ వెయ్యితో పోలిస్తే ఇది నయం. కానీ పింఛను వృద్ధాప్యానికి ఇచ్చే భరోసా, విద్యకు ఇచ్చే విలువ కాదు. పాఠశాలలో సంగీతం మాస్టారుగా జీతం ఇస్తే అది విలువ.

ఇక్కడ అంబేడ్కరైట్ పాఠకుల్లో కొందరు న్యాయంగానే అడ్డు తగులుతారు. చచ్చిన గొడ్డును మోయడం మానండి అన్నది బాబాసాహెబ్ కాదా? 1927లో మహద్ దగ్గర ఆయన చెప్పింది అదే కదా? మరి డప్పును, తోలును, కిన్నెరను కాపాడాలని మనం ఎందుకు అడగాలి? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. తమిళనాడులో పరై వాయించే యువకులు సవర్ణుల చావుకు వాయించబోమని నిరాకరించి, అదే వాద్యాన్ని వేదిక మీద, ఊరేగింపుల్లో ఎత్తుకున్నారు. మన దగ్గర 1985 కారంచేడు తర్వాత దళిత మహాసభ సభల్లో, 1994లో మొదలైన మాదిగ దండోరాలో డప్పు అలాగే అర్థం మార్చుకుంది. పిలిస్తే వచ్చి వాయించాల్సిన వాద్యం కాస్తా పదిమందినీ పిలిచే వాద్యం అయింది. నిరాకరించే హక్కు చేతికి వచ్చాకే ఆ వాద్యం కళ అయింది. కాబట్టి వాయించాలా వద్దా అన్నది మన చర్చ కాదు. ఎవరు చెబితే, ఏ షరతు మీద, ఎంత కూలికి, వద్దంటే ఊళ్లో బతకనిస్తారా అన్నవి అసలు ప్రశ్నలు.

కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనే విభజించిందని “కుల నిర్మూలన”లో అంబేడ్కర్ వాదించిన సంగతి మన విద్యార్థులకు తెలిసిందే. చేతిపనుల శిక్షణ పథకాలను ఆ వాదనతో కొలిచి చూడాలి. 1953లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన పథకం గుర్తుందా? గ్రామీణ పాఠశాలల పిల్లలు పూటకు మూడు గంటలు బడిలో, మిగతా సమయం తండ్రి వృత్తిలో. పెరియార్ దాన్ని కులకల్వి అన్నాడు, కులవిద్య. తర్వాతి ఏడాది కామరాజ్ రాగానే అది రద్దయింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. కమ్మరి, కుమ్మరి, చర్మకారుడు, మంగలి, చాకలి, బుట్టలల్లేవాడు, ఇలా. 13 వేల కోట్ల కేటాయింపు, పనిముట్లకు 15 వేలు, అయిదు శాతం వడ్డీకి రుణం. డబ్బు అవసరమే, కాదనం. కానీ గురుశిష్య పరంపర, కుటుంబ ఆధారిత వృత్తి అన్న భాష ఎక్కడి నుంచి వచ్చింది? కుటుంబ వృత్తి అన్న నిబంధన తొలగించాలని, కనీస వయసును 18 నుంచి 35కు పెంచాలని తమిళనాడు ముఖ్యమంత్రి 2024 నవంబరులో కేంద్రానికి రాశారు. 18 ఏళ్లకు పిల్లవాడు ఉండాల్సింది కళాశాలలో. తర్వాత ఆ రాష్ట్రం కులంతో పని లేని తన సొంత పథకాన్ని తెచ్చుకుంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల నుంచి ఆ స్థాయి అభ్యంతరం ఏదీ రాలేదు. వెనుకబడిన కులాల సంఘాలు కూడా చాలావరకు రుణం దగ్గరే ఆగిపోయాయి. ఇది మనకు మంచి సంకేతం కాదు.

2020 జాతీయ విద్యా విధానం మరో తలుపు తెరిచింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు సంచి లేకుండా స్థానిక వడ్రంగి, కుమ్మరి, కళాకారుల దగ్గర పని చూడాలని అందులో ఉంది. ఆలోచన బాగుంది. కార్పొరేట్ స్కూలు పిల్లవాడు పది రోజులు కుమ్మరి చక్రం తిప్పి, మట్టి చేతులతో ఫొటో దిగి ఇంటికి పోతాడు. కుమ్మరి పిల్లవాడికి ఆ పది రోజులు ఏం నేర్పుతారు? వాడికి ఆయిల్ పెయింట్లు ఇస్తారా, కెమెరా చేతికిస్తారా, పియానో ముందు కూర్చోబెడతారా? నేర్పినందుకు కుమ్మరికి ఆ రోజు కూలి ఎవరిస్తారు? మార్గదర్శకాలు రాసేవాళ్లు ఈ ప్రశ్నలకు రూపాయల్లో జవాబు చెప్పాలి.

మా దృష్టిలో గ్రామీణ కళా కార్యక్రమం అంటే రెండు వైపులా తెరుచుకునే దారి. మాదిగ అమ్మాయి డప్పు నేర్చుకోవాలనుకుంటే నేర్చుకోవాలి, శిల్పం నేర్చుకోవాలనుకుంటే ఆర్ట్ కాలేజీలో సీటూ స్కాలర్‌షిప్పూ ఉండాలి. డప్పు నేర్చుకోవాలనుకున్న బ్రాహ్మణ పిల్లవాడు మాదిగ గురువు ఇంటికి వెళ్లి, ఫీజు కట్టి, కింద కూర్చుని నేర్చుకోవాలి. ఈ రెండోది జరిగిన రోజున కార్యక్రమం విజయవంతమైందని నమ్ముతాం. అకడమిక్ అర్హత లేని విద్వాంసులను ఆచార్యులుగా తీసుకునే వీలు ఉన్నత విద్యా నిబంధనల్లో ఇప్పటికే ఉంది, “ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్” పేరుతో. ఆ కుర్చీల్లో రిటైరైన అధికారులు, కంపెనీల పెద్దలు మాత్రమే కూర్చోవాలని రాజ్యాంగంలో లేదు.

ఆ రాజ్యాంగం రాయడానికి బాబాసాహెబ్‌ను 1946లో రాజ్యాంగ సభకు గెలిపించి పంపింది బెంగాలే. జోగేంద్రనాథ్ మండల్, ఆయనతో నిలిచిన షెడ్యూల్డు కులాల శాసనసభ్యులు లేకపోతే ఆ గెలుపు లేదు. 2011 లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభాలో 23.5 శాతం షెడ్యూల్డు కులాలే. అయినా కోల్‌కతా సంస్కృతి అనగానే గుర్తుకొచ్చే పేర్లన్నీ మూడు కులాల ఇంటిపేర్లే కావడం అక్కడి విశ్వవిద్యాలయాల మిత్రులు తేల్చాల్సిన లెక్క.

వచ్చే పూజ నాటికి ఒక చిన్న పని మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వం నుంచి సొమ్ము తీసుకునే కమిటీ, ఢాకీ జట్టుతో కూలి, బస, తిండి, తిరుగు రైలు చార్జీ రాసిన ఒప్పందం సంతకం చేయాలని గ్రాంటు షరతుల్లో ఒక వాక్యం చేర్చాలి. పందిరి గుమ్మం దగ్గర పెద్ద ఫ్లెక్సీ మీద ఇతివృత్తం ఎవరిది, విగ్రహం ఎవరిది, లైటింగ్ ఎవరిది అని పేర్లు రాస్తారు కదా, ఆ వరుసలో ఢాక్ ఎవరిదో, ఏ ఊరో కూడా రాయాలి. కోల్‌కతాలో చదువుతున్న తెలుగు విద్యార్థులు ఈ ఏడు భవానీపూర్ వైపు వెళ్తే ఆ ఫ్లెక్సీలు చదివి, ఎన్నింటిలో ఆ పేరు ఉందో లెక్కపెట్టి మాకు రాయండి.